పెదనాన్న రంగునీళ్ళు, నా నాచుబొగ్గు

మా ఇంటి వెనక కాలవ ఏ రంగులో పారుతోందో చూస్తే చాలు, ఆ రోజు పెదనాన్న ఏ చీరకి పట్టు అద్దారో చెప్పేయొచ్చు. చిన్నప్పుడు మాకు అదో ఆట. బడి నుంచి వస్తూ కాలవలోకి తొంగిచూసి, ఇవాళ మామిడిపండు, ఇవాళ వంగపండు అని పందేలు కాసేవాళ్ళం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ప్రాజెక్టు ఏం చేస్తావని సార్ అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కాలవే.

మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటి, సరిహద్దు చెక్‌పోస్టు దాటితే బస్సులో ముప్పావు గంట. మేం దేవాంగులం. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజులు గోదావరి వైపు నుంచి మా పెద్దల్ని రప్పించారని ఇంట్లో చెప్పుకుంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ల్యాబ్‌లో ఇంగ్లీషు. తెలుగు రాయడం ఇచ్ఛాపురం అమ్మమ్మ నేర్పింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నాన్న నేస్తారు, పెదనాన్న అద్దుతారు. కుంభం అంచు బరంపురం పట్టుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంచు సంగతి అందరూ అడుగుతారు. అద్దిన నీళ్ళు ఎటు పోతాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ కాలవ నీళ్ళలో రంగుని బొగ్గుతో తీస్తానన్నాను. సార్ నా మాట విని నవ్వారు. "సొంతింటి నీళ్ళతో మొదలుపెట్టకు, ముందు మిథిలీన్ బ్లూతో చెయ్" అన్నారు. ల్యాబుల్లో ఇలాంటి పరీక్షలకి వాడే నీలం రంగు అది. ఎందుకలా అన్నారో మూడు నెలలకి గానీ తెలిసిరాలేదు.

విషయం పెద్ద కష్టమైనదేం కాదు. ఊకైనా, ఆకులైనా, నాచైనా గాలి అందకుండా 300 నుంచి 700 డిగ్రీల దాకా వేడిచేస్తే బూడిదవకుండా బొగ్గవుతుంది. దాన్నే బయోచార్ అంటారు. రంగునీళ్ళలో వేస్తే రంగు అణువులు దాని పైతలానికి అంటుకుంటాయి. స్పాంజి నీళ్ళు పీల్చినట్టు కాదు, గోడకి సున్నం అంటినట్టు. కొబ్బరిచిప్పతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్ అయితే ఒక్క గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల దాకా పైతలం ఉండొచ్చు. నాచుబొగ్గుకి అంత ఉండదు, చాలాసార్లు పదుల్లోనే ఆగిపోతుంది. మరి నాచెందుకు అంటే, అది పండించడానికి భూమి అక్కర్లేదు, ఖనిజాలూ నత్రజనీ ఎక్కువ కాబట్టి రంగు పట్టుకోవడానికి దాని మీద వేరే రకం చోట్లు దొరుకుతాయి. ఇవన్నీ రిపోర్టులో రాసినవి. అసలు కారణం, మా స్నేహితురాలి వాళ్ళకి చేపల చెరువుంది, అందులో నాచు తీసి గట్టున పారేయడానికి కూలీ ఇచ్చుకుంటున్నారు.

అయినా మొదట చెరువుకి వెళ్ళలేదు, గోపాల్‌పూర్ వెళ్ళాను. సముద్రపు నాచు అంటే ప్రాజెక్టుకి కాస్త గొప్పగా ఉంటుందని. రాళ్ళ మీద పచ్చగా, పాలిథిన్ కాగితంలా పలచగా అంటుకుని ఉన్నదాన్ని రెండు బకెట్లు గీకి తెచ్చాను. ఒక్కసారి కడిగి మేడ మీద ఆరేశాను. ఎండాక చూస్తే ఆకుల మీద తెల్లటి పొడి. నాలుకకి తగిలించి చూశా, ఉప్పు. అక్కడికీ ఆగకుండా కాల్చాను. వచ్చిన బొగ్గు నలుపు కాదు, సిమెంటు రంగు. నీళ్ళలో వేస్తే సగం కరిగిపోయింది. ఆ వారం అలా పోయింది.

తర్వాత చెరువు. ఈ నాచు జుట్టులా ఉంటుంది. కర్రకి చుట్టి తిప్పితే చిక్కుపడ్డ సవరంలా ఊడివస్తుంది. దాంట్లో నత్తలు, చిన్న రొయ్యపిల్లలు, గుట్కా కవర్లు. అవన్నీ ఏరి, ఐదుసార్లు కడిగి, ఎండబెడితే పది కిలోల పచ్చి నాచు ఒక కిలోకి దిగింది. నాచులో తొంభై పాళ్ళు నీళ్ళే అని పుస్తకంలో చదవడం వేరు, మేడంతా ఆరేసి సాయంత్రానికి ఒక్క చేటలోకి ఎత్తుకోవడం వేరు.

డిపార్ట్‌మెంటు కరెంటు కొలిమి, అదే మఫిల్ ఫర్నేస్‌కి గాలిని బయటికి నెట్టే నైట్రోజన్ గ్యాస్ సదుపాయం లేదు. క్రూసిబుల్ అనే చిన్న గిన్నె నిండా నాచు కూరి, మూత పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్లు చుట్టి 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాను. మొదటిసారి మూత సరిగ్గా కూర్చోక తెల్ల బూడిద మిగిలింది. రెండోసారి కుదిరింది. నూరు గ్రాములకి నలభై ఒక్క గ్రాముల బొగ్గు. సీనియర్ ఒకమ్మాయి 300 డిగ్రీలు చాలు, కరెంటు ఆదా అంది. అదీ చేసి చూశాను. ఆ బొగ్గు రంగు తీయడం మాట అటుంచి, మంచినీళ్ళనే టీ నీళ్ళలా చేసింది. సగం కాలిన నాచులోంచి గోధుమరంగు పదార్థాలు నీళ్ళలోకి దిగుతాయి. మళ్ళీ 500కే వచ్చాను.

ఇక మిథిలీన్ బ్లూ. లీటరుకి 50 మిల్లీగ్రాముల ద్రావణం, 50 మిల్లీలీటర్లు తీసుకుని అందులో చిటికెడు బొగ్గు, కచ్చితంగా చెప్పాలంటే 0.1 గ్రాము, వేసి షేకర్ మీద రెండు గంటలు. ఫిల్టర్ చేసి, నీళ్ళలో రంగు ఎంతుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్లో 664 నానోమీటర్ల దగ్గర చదివితే 98 శాతం రంగు పోయింది. గంతులేశాను. అమ్మకి ఫోన్ కూడా చేశాను. అమ్మ "అన్నం తిన్నావా" అంది.

సార్ నోట్‌బుక్ చూసి ఒక్కటే అడిగారు. "బొగ్గు వెయ్యకుండా ఉత్త రంగునీళ్ళు ఫిల్టర్ చేశావా?" చెయ్యలేదు. ఆయన ఎదురుగానే చేశాను. తెల్లటి ఫిల్టర్ కాగితం కళ్ళముందే నీలంగా మారిపోయింది. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, కాగితం సెల్యులోజ్‌కి ఇట్టే అంటుకుంటుంది. రంగులో ఆరో వంతు దాకా కాగితమే మింగేసింది. నా 98లో నా బొగ్గు వాటా ఎంతో, కాగితం వాటా ఎంతో! అప్పటినుంచి ఫిల్టర్ మానేసి, గొట్టాల్ని గిరగిరా తిప్పి బొగ్గుని అడుక్కి దించే సెంట్రిఫ్యూజ్ పట్టాను. అంకె 91కి దిగింది. అదీ మంచి అంకే. కానీ ఆ రోజు సిగ్గు మాత్రం ఇంకా పోలేదు. ఇలాంటి ప్రాజెక్టు చేసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఉత్త నీళ్ళు ఫిల్టర్ చేసి చూడండి.

అలా ధైర్యం వచ్చాక, సార్ వద్దన్నా వినకుండా, రెండు లీటర్ల సీసా తీసుకుని ఇంటికెళ్ళాను.

పెదనాన్న పని చెప్పాలి ఇక్కడ. ముడిపట్టు ముందు గరుకుగా ఉంటుంది, సెరిసిన్ అనే జిగురు వల్ల. సబ్బూ సోడా వేసి ఉడకబెడితే జిగురు వదిలి పట్టు బరువులో పావు వంతు దాకా తగ్గుతుంది, మెరుపు బయటికొస్తుంది. ఆ నీళ్ళు చిక్కగా, జిగటగా కాలవలోకి పోతాయి. తర్వాత గంగాళంలో రంగు కలిపి, చిలపలు, అంటే పట్టు దారపు చుట్టలు, కర్రలకి తగిలించి తిప్పుతూ వేడిచేస్తారు. చివర్లో ఎసిటిక్ యాసిడ్. అది వెయ్యగానే గంగాళంలో నీళ్ళు తేటపడుతూ రంగంతా పట్టుకి ఎక్కేస్తుంది. నాకు చిన్నప్పటినుంచీ అది ఇంద్రజాలమే. పదో వంతో ఎంతో రంగు నీళ్ళలో మిగులుతుంది. ఆ నీళ్ళూ అదే కాలవలోకి.

రంగు పొట్లాల మీద పేర్లుండవు, ఒక నంబరు, ఓ చుక్క రంగు. బజార్లో విడిగా తూచి ఇస్తారు. క్యాన్సర్ భయం ఉన్న ఎమీన్లు అనే రసాయనాలు పుట్టే రంగుల్ని, మొత్తం 112, మన దేశం 1990ల్లోనే నిషేధించింది. ఈ నంబర్లలో ఏది ఏదో పెదనాన్నకి ఎవరూ చెప్పలేదు.

"ఏటే గుంటా, బొగ్గు నూరడానికా నిన్ను ఎమ్మెస్సీ చదివించింది?" అన్నారాయన నా సీసాలు చూసి.

కాలవ నీళ్ళు ముంచుకుని ల్యాబ్‌కి తెచ్చాను. ఎరుపు. పీహెచ్ 9.4, అది ఏడు దాటితే క్షారం, తగ్గితే పులుపు. లీటరుకి ఐదు గ్రాముల బొగ్గు వేసి తిప్పాను. పన్నెండు శాతం. మళ్ళీ చేశాను. పదకొండు. నీళ్ళ మీద సబ్బు నురగ, అడుగున నా బొగ్గు, మధ్యలో పెదనాన్న ఎరుపు చెక్కుచెదరకుండా.

కారణం సగం నాకే తట్టింది. పట్టుకి వాడేవి యాసిడ్ రంగులు. వాటికి రుణావేశం. మిథిలీన్ బ్లూకి సరిగ్గా తిరగబడ్డ రకం. క్షారపు నీళ్ళలో నాచుబొగ్గు పైతలం కూడా రుణావేశంతోనే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. పైగా సబ్బూ సెరిసినూ వచ్చి బొగ్గు మీద ఖాళీ చోట్లన్నీ ముందే ఆక్రమించేస్తాయి. పేపర్లలో అందరూ మిథిలీన్ బ్లూనే ఎందుకు ఎంచుకుంటారో అప్పుడు అర్థమైంది. అది గెలిచే ఆట.

అందుకని కాలవ నీళ్ళు వదిలేసి, గంగాళం నీళ్ళే విడిగా అడిగాను. పెదనాన్న చిలపలు తీశాక ఒక బకెట్టు పక్కన పెట్టారు. పీహెచ్ 4.6. అంతా అనుకూలం. ఆ పుల్లటి నీళ్ళలో బొగ్గు పైతలానికి ధనావేశం రావాలి, రంగు వచ్చి అంటుకోవాలి. వచ్చింది పందొమ్మిది శాతం.

ఆ రెండు వారాలు బాగా టెన్షన్ పడ్డాను. బొగ్గు మార్చాను, మెత్తగా నూరాను, రాత్రంతా షేకర్ మీద వదిలేశాను. ఇరవై రెండు దాటలేదు. ఆదివారం ఇంటికొస్తే పెదనాన్న కొత్త కుర్రాడి మీద అరుస్తున్నారు. వాడు సోడా నీళ్ళు తోడిన చెంబుతోనే గంగాళంలోకి నీళ్ళు పోశాట్ట. "పులుపు చచ్చిపోద్దిరా ఎదవా, రంగు పట్టుకోదు!" పట్టు విషయంలో ఆయన బాధ అది. నేను మాత్రం వరండాలో కూర్చుని ఆ చెంబు వంకే చూస్తుండిపోయాను. నా గంగాళంలో సోడా చెంబు ఎవరు ముంచారు?

బొగ్గే. సోమవారం పొద్దున్నే వెళ్ళి, బొగ్గు వేసి తిప్పిన నీళ్ళ పీహెచ్ కొలిచాను. 7.8. ఇన్నాళ్ళూ బొగ్గు వేసే ముందు కొలుస్తున్నాను గానీ, వేశాక ఒక్కసారీ కొలవలేదు. నాచులో ఖనిజాలెక్కువ అని గొప్పగా రాసుకున్నాను కదా, కాల్చాక అవే కాల్షియం, పొటాషియం కార్బొనేట్లై కూర్చున్నాయి. మా అమ్మమ్మ కాలంలో బట్టలుతికిన బూడిద క్షారం ఉందే, దాని చుట్టమే. నా బొగ్గు తన పులుపుని తనే చంపుకుంటోంది.

పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో బొగ్గు వేశాను. గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగి, బీకరు దాటి బల్ల మీద నల్లటి నురగ పారింది. వాసన చూస్తే చెరువు గట్టు గుర్తొచ్చింది. పొంగు ఆగాక, కడిగిన నీళ్ళు పులుపు పోయేదాకా కడుగుతూనే ఉన్నాను. బరువులో మూడో వంతు కరిగిపోయింది. మిగిలినదాన్ని ఆరబెట్టి, అదే గంగాళం నీళ్ళలో అదే ఐదు గ్రాముల లెక్కన వేశాను. రెండు గంటల తర్వాత పీహెచ్ 4.9. సెంట్రిఫ్యూజ్ నుంచి గొట్టం తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, ఎరుపు లేదు. పాలు ఎక్కువై రంగు పలచబడ్డ రోజ్‌మిల్క్ లాంటి ఛాయ మాత్రం ఉంది. 510 నానోమీటర్ల దగ్గర లెక్కేస్తే 74 శాతం.

ఈసారి సార్ అడిగే లోపే బొగ్గు వెయ్యని నీళ్ళు కూడా చూపించాను.

ఇంట్లో చేసి చూపించడం ఇంకో కథ. ల్యాబ్ ఫర్నేస్‌లో ఒక విడతకి గుప్పెడే పడుతుంది. అందుకని పాత నూనె డబ్బాకి మూత బిగించి, మేకుతో చిన్న కన్నం పెట్టి, నిండా ఎండు నాచు కూరి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి కన్నంలోంచి పచ్చటి పొగ, ఆ పొగకి నిప్పంటుకుని సన్నటి మంట. ఆ మంట ఆగిందంటే లోపల గ్యాసులు అయిపోయినట్టు. అప్పుడు దించి, చల్లారేదాకా మూత తీయకూడదు. తీస్తే గాలి తగిలి మళ్ళీ రాజుకుంటుంది. వాసన మాత్రం భయంకరం. నాచులో మాంసకృత్తులుంటాయి కాబట్టి వెంట్రుకలు కాలిన కంపు. అది కార్తీక మాసం. పక్కింటి మావుసి నెలంతా చేప ముట్టదు. గోడ మీంచి తొంగిచూసి, కార్తీకంలో ఎండుచేపలు మాడుస్తున్నారా అని ఒడియాలో అమ్మని నిలదీసింది. నాచు అని చెబితే నమ్మలేదు. డబ్బా మూత తీసి చూపించాల్సొచ్చింది, అదీ చల్లారాక.

ఆ బొగ్గుని యాసిడ్‌తో కడిగి, వంద గ్రాములు తూచి, ఇరవై లీటర్ల గంగాళం నీళ్ళలో వేసి కర్రతో కలిపాను. కలపడం రెండు గంటలు, తేరుకోవడం ఒక రాత్రి. పాత పంచె నాలుగు మడతలేసి వడగడితే దాదాపు ల్యాబ్‌లో వచ్చినంతా వచ్చింది. పెదనాన్న చెంబుతో తీసి వెలుతురుకి పట్టి చూసి, "పర్లేదు" అన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

తర్వాత లెక్క చెప్పమన్నారు. చెప్పాను. రెండు కిలోల పట్టు, అంటే సుమారు మూడు చీరలకి, అద్దితే అరవై లీటర్ల నీళ్ళు. దానికి కడిగిన బొగ్గు మూడొందల గ్రాములు. కడగక ముందు నాలుగొందల యాభై. దానికి ఎండు నాచు కిలో వంద. అంటే పచ్చి నాచు పదకొండు కిలోలు.

"చీర బరువే కేజీ ఉండదు, దానికి నాలుగు కేజీల పాచా?"

నా దగ్గర జవాబు లేదు. బొగ్గు కడగడానికి పోసిన నీళ్ళ లెక్క ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రంగు పోయినంత మాత్రాన ఆ నీళ్ళలో యాసిడ్, ఉప్పులు పోవన్న సంగతి కూడా. ఒకటి మాత్రం జరిగింది. గంగాళం నీళ్ళని సబ్బునీళ్ళతో కలపకుండా విడి డ్రమ్ములో పోయడం ఆయన మొదలుపెట్టారు. నా ప్రాజెక్టులో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ పనిచేసింది అదే. మొదటి కాలవ నీళ్ళకీ దీనికీ తేడా బొగ్గులో సగమైతే, ఆ విడి డ్రమ్ములో సగం.

ఇక వాడేసిన బొగ్గు. తడిగా, నల్లగా, చూడ్డానికి ఏ మచ్చా లేకుండా ఉంటుంది. దాన్ని ఒక తట్టలో పెట్టి నేను హాస్టల్‌కి వెళ్ళిపోయాను. బయోచార్ మొక్కలకి మంచిదని అమ్మ ఫోన్లో ఏదో వీడియో చూసిందట, రెండు గుప్పిళ్ళు మల్లె కుండీలో కలిపేసింది. మామూలు బొగ్గయితే ఆమె అన్నది నిజమే. మర్నాడు కుళాయి నీళ్ళు పోస్తే కుండీ కింది కన్నంలోంచి ఎర్రటి నీళ్ళు. అమ్మ కంగారుపడి ఫోన్ చేసింది, "ఒసే, కుండీకి నెత్తురు కారుతోందే" అని. పులుపులో అంటుకున్న రంగు, పులుపు పోగానే వదిలేసింది. నేను ల్యాబ్‌లో సోడా నీళ్ళతో బొగ్గుని తిరిగి వాడకానికి తేవొచ్చని రాసుకున్న పేజీ ఒకటుంది. అమ్మ దాన్ని మల్లె కుండీలో చేసి చూపించింది. సోడాతో రెండుసార్లు తిరిగి వాడాను కూడా, మూడోసారికి బలం సగమైంది. వదిలిన రంగు మాత్రం గ్లాసుడు నీళ్ళలో చిక్కగా మిగిలింది, పెదనాన్న గంగాళం కంటే ఎర్రగా.

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్ గ్రాఫులన్నీ తిప్పి, బొగ్గు ఎంత రంగు పట్టగలదో చెప్పే లాంగ్మ్యూర్ గీత మీద రెండు ప్రశ్నలు వేసి, చివరికి అడిగారు. "ఆ వాడేసిన బొగ్గు ఇప్పుడెక్కడుంది?"

మా మెట్ల కింద నీలం డ్రమ్ములో ఉంది మేడమ్ అన్నాను. అందరూ నవ్వారు. నిజంగానే అక్కడే ఉంది. మల్లె కుండీ మట్టితో సహా. మూత మీద పెయింటుతో తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాశాను, ఇది ఎరువు కాదు అని. పెదనాన్న ఆ రాత మీదే కొత్తగా అద్దిన చిలపలు ఆరేసుకుంటున్నారు.